ఎడమకాలి బూటు

తాళంచెవి బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది,
నా జానెడు కన్నా పొడుగు.
వినిఫ్రెడ్ థర్కెటిల్ రెండు చేతులా తిప్పితే
తలుపు ముందు దగ్గుతుంది, తర్వాత ఒప్పుకుంటుంది.

"కప్పు పనికొచ్చావు సరే,
కిందున్నది చూసి ఎక్కు" అంది.
ఎనభై ఒకటో ఏట కూడా
ఎదుటివాడి తొందర ఆమెకు పట్టదు.

చూశాను.
నార్మన్ల నాటి గుమ్మం, గుండ్రటి కమాను,
దాని చుట్టూ రంపపు పళ్ల అంచు.
లోపలికి నడిచేకొద్దీ కమానులు మొనదేలాయి.
నూట యాభై ఏళ్లు ఇరవై అడుగుల్లో గడిచిపోయాయి.
ఈ నేలలో రాయి పండదు, దున్నితే చెకుముకి ముక్కలే.
గోడలన్నీ అవే, సున్నంలో గుచ్చిన నల్లటి పెంకుల్లా.
మంచి రాయి పడవల మీద వచ్చింది,
మూలలకీ స్తంభాలకీ మాత్రం,
పేదింటి వెన్నలా కొలిచి.

ఉత్తరం వరసలో నాలుగు స్తంభాలు.
మూడింటి తలల మీద ఓక్ ఆకులు,
ఒక ఆకు చాటున నాలుక చాపిన ముఖం.
నాలుగోది వట్టి దిమ్మ.
ఉలి నాలుగు దెబ్బలు వేసి ఆగిపోయింది.
"ఆ ఏడు మహమ్మారి వచ్చింది" అంది వినిఫ్రెడ్,
నిన్న పక్కింట్లో జరిగినట్టు.
"హామో అనేవాడట. పేరెవరు చెప్పారని అడక్కు.
మా అత్త చెప్పింది."
తర్వాతెప్పుడో ఒక పాదిరి
దాన్ని పూర్తి చేయిద్దామన్నాడట. ఊరు ఒప్పుకోలేదు.
కారణం ఎక్కడా రాసి లేదు.
శనివారం శనివారం
ఆకుల దుమ్ము కుంచెతో తుడుస్తుంది,
దిమ్మ దుమ్ము అరచేత్తో.

ఎదురుగోడ మీద ఒకప్పుడు
పిల్లవాణ్ణి భుజానెత్తుకుని ఏరు దాటే సెయింట్ క్రిస్టఫర్.
రాజాజ్ఞ వచ్చింది, సున్నం కొట్టారు.
కొట్టినవాడు ఊరివాడే,
పలచగా కొట్టాడు.
పెచ్చులూడి ఇప్పుడు మోకాళ్ల దాకా తేలాడు:
రెండు పెద్ద పాదాలు, నీళ్లు, మూడు చేపలు.
ఒక చేప బొటనవేలిని వాసన చూస్తోంది.
పైన ఎవరున్నారో తెల్లటి సున్నానికే తెలుసు.

నిచ్చెన ఎక్కాను.
దక్షిణం వైపు సీసం మొత్తం
పోయిన నవంబరులో ఒక్క రాత్రి వ్యానెక్కింది.
తుక్కు ధర ఎంతో నాకు తెలుసు, చెప్పను.
దొంగలకు తెలియంది,
ఆ రేకుల మీద బూట్లుండేవి.
మా పనివాళ్ల అలవాటది. పని ముగిశాక
బూటు పెట్టి చుట్టూ మేకుతో గీసి
పొడి అక్షరాలు, ఏడాది.
పద్నాలుగో ఏట మా నాన్న వెంట వచ్చి చూశాను.
1702, నలుచదరపు ముక్కు బూటు.
పక్కన ఓ పసివాడిది, జానెడైనా లేదు.
అంత ఎత్తున ఏం చేస్తున్నాడో.
ఆ పాదాలన్నీ కరిగి
ఇప్పుడు ఏ కారు బ్యాటరీలోనో నడుస్తున్నాయి.

కొత్త కప్పు స్టీలు.
దొంగకు పనికిరాదు, మేకుకు లొంగదు.
పది రోజులు పరిచాను, రెండు వానలో.

చివరి రోజు, గంటల గోపురం పక్క కాలువలో
దొంగల చేతికందని మూరెడు సీసం కనబడితే
కిందికి కేకేశాను.
ఏమందో గాలికి వినబడలేదు.
కాసేపటికి తాడు కదిలింది.
బొక్కెనలో
లేసు విప్పిన ఒక ఎడమ బూటు,
లోపల మడిచిన చీటీ:
"సైజు ఆరు. ఎక్కువ గీయకు."

గీశాను. వి.టి. అని, ఏడాది.
సీసం మెత్తగా ఒప్పుకుంది.
నా బూటుకు చోటు మిగల్లేదు.

దిగి చూస్తే
వినిఫ్రెడ్ ఒక కాలి మేజోడుతో
పేరు అరిగిపోయిన ఎవరిదో సమాధి పలక మీద,
ఆ రెండు పెద్ద పాదాల ముందు నిలబడి
చేపల్ని చూస్తోంది.
"త్వరగా ఇటివ్వు" అంది,
"నీళ్లు చల్లగా ఉన్నాయి."